ఆల్బమ్ కవర్ పాట కంటే ముందే ఏం చెప్తుంది? ఆర్కిటిక్ మంకీస్ ఏడు కవర్ల కథ

 

ఇవాళ ముందుగా ఒక ఫోటో చూపిస్తాను. బ్లాక్ అండ్ వైట్. ఒక కుర్రాడు. జుట్టు పొట్టిగా, కళ్లు సగం మూసుకుపోయి, వేళ్ల మధ్య సిగరెట్. నవ్వట్లేదు, పోజు ఇవ్వట్లేదు. రాత్రంతా మేల్కొని తెల్లారాక ఇంటికొచ్చిన మొహం. మన థియేటర్లో అయితే స్క్రీన్ కింద "పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం" అని పడేది.

ఇది 2006 జనవరిలో వచ్చిన ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్ కవర్. బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,63,735 కాపీలు అమ్ముడైంది. అప్పటిదాకా అక్కడ ఏ బ్యాండ్ తొలి ఆల్బమూ ఇంత వేగంగా అమ్ముడవలేదు. సరే, అసలు ట్విస్ట్ ఏంటంటే ఈ ఫోటోలో ఉన్న కుర్రాడు ఆ బ్యాండ్‌లో లేడు. పాడలేదు, గిటార్ వాయించలేదు, పాట రాయలేదు. వాళ్ల ఫ్రెండ్, అంతే.

ఒక్కసారి ఆలోచించండి. కొత్త బ్యాండ్. ఎవరికీ మొహాలు సరిగ్గా తెలియవు. మొహం చూపించి పేరు తెచ్చుకోవాల్సిన టైమ్‌లో వేరేవాడి మొహం పెట్టారు. ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే, ఆల్బమ్ కవర్ అనేది ఏం పని చేస్తుందో మొత్తం అర్థమైపోతుంది. ఇవాళ్టి ఎపిసోడ్ అదే. ఒకే బ్యాండ్, ఏడు ఆల్బమ్‌లు, ఏడు కవర్లు. వరసగా చదువుకుంటూ వెళ్దాం.

ముందు రెండు చిన్న విషయాలు క్లియర్ చేసుకుందాం.

ఒకటి, కవర్ అనేది ఎప్పట్నుంచో ఉన్నది కాదు. పాత రోజుల్లో గ్రామఫోన్ రికార్డులు గోధుమరంగు కాగితం సంచుల్లో, మామూలు అట్టల్లో వచ్చేవి. బయట పేరు తప్ప ఇంకేం ఉండేది కాదు. 1940 ప్రాంతంలో అమెరికాలో కొలంబియా రికార్డ్స్‌లో పనిచేసిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే డిజైనర్ ఆ అట్ట మీద బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. లోపల ఉన్న సంగీతం ఎలా ఉంటుందో బయట బొమ్మ చెప్పాలి అన్నది ఆయన ఆలోచన. అమ్మకాలు పెరిగాయి, ఇక మిగతా కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. తర్వాత 12 అంగుళాల ఎల్పీ రికార్డ్ వచ్చింది. అంటే ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు. గోడకి తగిలించుకునేంత బొమ్మ. సీడీకి వచ్చేసరికి అది 12 సెంటీమీటర్లకి తగ్గింది. ఇప్పుడు మీ ఫోన్‌లో పాటల లిస్టులో ఎంతుంది? బొటనవేలి గోరంత. సైజు తగ్గింది కానీ పని తగ్గలేదు. స్క్రోల్ చేస్తుంటే మీ వేలు ఆగేదీ, ఆగనిదీ ఆ గోరంత బొమ్మని చూసే.

రెండోది, ఇండీ. ఇండీ అంటే ఇండియన్ కాదు, ఇండిపెండెంట్. యూనివర్సల్, సోనీ, వార్నర్ లాంటి పెద్ద కంపెనీల కింద కాకుండా చిన్న, స్వతంత్ర లేబుల్స్ నుంచి వచ్చే సంగీతం. ఆర్కిటిక్ మంకీస్ లేబుల్ పేరు డామినో. 1993లో లండన్‌లో మొదలైంది. మొదట్లో ఇండీ అనేది డబ్బు సంగతి: రికార్డు ఎవరు వేస్తున్నారు అని. రానురాను అదే ఒక శబ్దం పేరైపోయింది. కాస్త గరుకు గిటార్లు, పక్కింటి కుర్రాడి గొంతు, రోజువారీ జీవితం గురించి లిరిక్స్. మన సినిమా ఆడియో క్యాసెట్ మీద హీరో ఫోటో ఉండేది ఎందుకంటే అక్కడ అమ్మేది సినిమాని. పెద్ద పాప్ స్టార్ కవర్ మీద స్టార్ మొహం ఉంటుంది, అక్కడ అమ్మేది ఆ మనిషిని. మరి మేం స్టార్లం కాదు అని చెప్పుకునే బ్యాండ్ ఏం పెట్టాలి? సమస్య అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు మళ్లీ ఆ ఫోటో దగ్గరికి వద్దాం.

ఆర్కిటిక్ మంకీస్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరి కుర్రాళ్లు. షెఫీల్డ్ అంటే ఉక్కు. తరతరాలుగా స్టీల్ ఫ్యాక్టరీలతో బతికిన ఊరు. 2002లో బ్యాండ్ పెట్టారు. షోలకి వచ్చినవాళ్లకి సొంతంగా కాపీ చేసిన డెమో సీడీలు ఫ్రీగా పంచేవాళ్లు. తీసుకెళ్లిన అభిమానులు వాటిని ఇంటర్నెట్లో పెట్టేశారు. అలా ఆల్బమ్ రాకముందే జనానికి పాటలు నోటికొచ్చేశాయి. అప్పటికి వాళ్ల వయసు ఇరవై ఏళ్ల లోపు, లేదా అటూ ఇటూ.

ఆల్బమ్ పేరు "వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్". నా గురించి జనం ఏదంటే నేను అది కాదు, అని. ఈ మాట వాళ్లది కాదు. అలన్ సిల్లిటో అనే రచయిత 1958లో "సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్" అని ఒక నవల రాశాడు. 1960లో సినిమాగా కూడా వచ్చింది. అందులో హీరో నాటింగ్‌హామ్‌లో సైకిల్ ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసే కుర్రాడు. వారమంతా ఒళ్లు హూనం చేసుకుని, శనివారం రాత్రి తాగి, గొడవలు పడి, ఆదివారం పొద్దున్న లేచి మళ్లీ సోమవారం గురించి ఆలోచించే మనిషి. టైటిల్ అతని మాటల్లోంచి వచ్చిందే.

ఇప్పుడు ఆల్బమ్‌లో పాటలు చూడండి. క్లబ్‌లో ఒక అమ్మాయిని చూడటం. లోపలికి పంపని బౌన్సర్లతో వాదన. ట్యాక్సీలో ఫ్రెండ్స్‌తో ఇరుక్కుని రావడం. అలిగిన గర్ల్‌ఫ్రెండ్. రాత్రిపూట వీధి మూలల్లో జరిగే వ్యాపారాలు. మొత్తం కలిపితే ఒక శనివారం రాత్రి. అందులోనే "ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో" అని ఒక పాట ఉంది. ఇంగ్లండ్‌లో ఏదో ఊళ్లో పుట్టి, అమెరికా నుంచి దిగినట్టు బిల్డప్ ఇచ్చే బ్యాండ్ల మీద సెటైర్. యాస కూడా అంతే. అలెక్స్ టర్నర్ షెఫీల్డ్ యాసలోనే పాడతాడు, దాన్ని పాలిష్ చేయడు.

ఇప్పుడు ఫోటో సంగతి. అందులో ఉన్నది క్రిస్ మెక్లూర్, బ్యాండ్ స్నేహితుడు. తీసింది అలెగ్జాండ్రా వోల్కోవిచ్. లివర్‌పూల్‌లో ఒక బార్‌లో తీశారు. బయటికెళ్లి బాగా తాగి రమ్మని పంపించి, అర్ధరాత్రి దాటాక అతను తిరిగొచ్చిన తర్వాత కెమెరా ముందు కూర్చోబెట్టారు. అంటే అది నటన కాదు. నిజంగా ఆ స్థితిలో ఉన్న మొహమే. ఆల్బమ్ ఒక శనివారం రాత్రి అయితే, కవర్ ఆ రాత్రి ఆఖరి నిమిషం. ప్యాకెట్ తెరిస్తే సీడీ మీద ఏముందో తెలుసా? సిగరెట్ పీకలతో నిండిన యాష్‌ట్రే. రాత్రి అయిపోయింది, పార్టీ అయిపోయింది, బూడిద మిగిలింది.

గమనించారా? ఈ ఒక్క బొమ్మ మూడు పనులు చేస్తోంది. మొదటిది జానర్ చెప్తోంది. మెరుపులు, మేకప్, రంగులు లేవు కాబట్టి ఇది పాప్ కాదు. రాక్షసులు, మంటలు లేవు కాబట్టి మెటల్ కాదు. గరుకు బ్లాక్ అండ్ వైట్, మామూలు మనిషి, కాబట్టి ఇండీ రాక్. రెండోది థీమ్ చెప్తోంది: రాత్రి, తాగుడు, అలసట, చిన్న ఊరి కుర్రతనం. మూడోది ఒక వైఖరి. "మేము స్టార్లం కాదు. మా పాటల్లో హీరో మేము కూడా కాదు, ఇదిగో ఈ కుర్రాడు, మీ వీధిలో కూడా ఉంటాడు" అని. మీరు నన్ను ఏదంటే అది నేను కాదు అని టైటిల్ చెప్తుంటే, కవర్ మీద ఉన్నది నిజంగానే వాళ్లు కాదు! టైటిల్‌నీ కవర్‌నీ ఇలా ఒకే ముడి వేశారు.

దీని మీద గొడవ కూడా అయ్యింది. స్కాట్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల పెద్ద ఒకరు, ఈ కవర్ పొగ తాగడం తప్పేం కాదన్న భావన కలిగిస్తోందని విమర్శించారు. బ్యాండ్ తరఫువాళ్లు ఏమన్నారంటే, ఒకసారి సరిగ్గా చూడండి, ఆ సిగరెట్ వల్ల అతనికేం మేలు జరుగుతున్నట్టు లేదు కదా అని. నాకైతే రెండు వైపులా న్యాయం ఉందనిపిస్తుంది. లక్షల ఇళ్లల్లోకి వెళ్లే బొమ్మ అది, పిల్లలు చూస్తారు. ఆ భయం నిజమైనదే. కానీ ఆ ఫోటో సిగరెట్‌ని అందంగా చూపించదు, అలవాటు మనిషిని ఎలా పిండేస్తుందో చూపిస్తుంది. ఇంకో సంగతి: 2007 జూలైలో ఇంగ్లండ్‌లో బార్లు, పబ్బుల లోపల పొగ తాగడం నిషేధించారు. అంటే ఆ ఫోటోలో ఉన్న రాత్రి ఏడాదిన్నర తర్వాత చట్టప్రకారమే సాధ్యం కాని రాత్రి. అలా అది ఆ కాలానికి ఒక సాక్ష్యం కూడా అయ్యింది.

సరే, తర్వాతి మూడు కవర్లు కాస్త స్పీడ్‌గా చూద్దాం.

2007 ఏప్రిల్‌లో రెండో ఆల్బమ్, "ఫేవరిట్ వర్స్ట్ నైట్‌మేర్". కవర్ మీద మళ్లీ వాళ్ల మొహాలు లేవు. ఒక బూడిదరంగు ఇల్లు. బయట నుంచి చూస్తే ఏమీ లేదు. కానీ కిటికీల్లోంచి లోపల గదులు కనిపిస్తాయి, గోడల నిండా పిచ్చి పిచ్చి రంగుల్లో కార్టూన్ బొమ్మలు. మొదటి ఆల్బమ్ వీధిలో జరిగింది. ఇది తల లోపల జరుగుతుంది. "బ్రయన్‌స్టార్మ్" పాటలో డ్రమ్స్ వినండి, ఊపిరి ఆడనివ్వవు. ఆఖర్లో మాత్రం "505" వస్తుంది, మెల్లగా, ఒంటరిగా. రీల్స్‌లో మీరు వినే ఉంటారు. బయట మామూలు ఇల్లు, లోపల పీడకల. టైటిల్‌లో "నచ్చిన పీడకల" అంటున్నారు కాబట్టి రంగులు కూడా నచ్చేలాగే ఉన్నాయి.

2009లో "హంబగ్". ఇక్కడ మొదటిసారి బ్యాండ్ తన మొహాలతో కవర్ మీదకి వచ్చింది. కానీ మనకి తెలిసిన కుర్రాళ్లు కాదు. జుట్లు పెరిగాయి, వెలుతురు మసక. ఈ ఆల్బమ్‌లో చాలా భాగం కాలిఫోర్నియాలో, జాషువా ట్రీ ఎడారిలోని రాంచో డి లా లూనా అనే స్టూడియోలో రికార్డు చేశారు. ప్రొడ్యూసర్లలో ఒకరు క్వీన్స్ ఆఫ్ ది స్టోన్ ఏజ్ బ్యాండ్ జాష్ హోమ్. గిటార్లు బరువెక్కాయి, టెంపో తగ్గింది, మాటలు చిక్కుముడులయ్యాయి. తొలి ఆల్బమ్‌లో మొహం దాచినవాళ్లు, మారిపోయాక మొహం చూపించారు. "మేం మారాం, చూడండి" అని చెప్పడానికి ఇంతకంటే సూటి దారి ఏముంటుంది?

2011లో "సక్ ఇట్ అండ్ సీ". కవర్ మీద ఏముంది? ఏమీ లేదు. మీగడరంగు నేపథ్యం, మధ్యలో పేరు అక్షరాలు. అంతే. ఆల్బమ్ కూడా అలాంటిదే, మెలోడీ ఎక్కువ, కాస్త తేలిక. పేరు మాత్రం అమెరికాలో కొందరికి బూతులా వినిపించి, కొన్ని షాపులవాళ్లు ఆ టైటిల్ మీద స్టిక్కర్ అంటించారని బ్యాండే చెప్పింది. కవర్ మీద ఉన్నదే టైటిల్, దాని మీద స్టిక్కర్ వేస్తే ఇక మిగిలేది మీగడరంగు అట్ట!

ఇప్పుడు అసలు మ్యాటర్. 2013 సెప్టెంబర్, "ఏఎమ్".

ఈ కవర్ మీరు చూడకుండా ఉండే అవకాశం లేదు. టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద, హాస్టల్ గోడల మీద ఉంటుంది. నల్లటి నేపథ్యం, దాని మీద ఒక తెల్లటి అల. కొన్నిచోట్ల సన్నగా, కొన్నిచోట్ల ఉబ్బి. మొహం లేదు, ఫోటో లేదు, రంగు లేదు.

బీటెక్‌లో ఈసీఈ చదివినవాళ్లు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. ఏఎమ్ అంటే యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్. మిగతావాళ్ల కోసం ఒక్క నిమిషంలో చెప్తాను. మీ గొంతు నేరుగా వందల కిలోమీటర్లు వెళ్లలేదు. దాన్ని మోసుకెళ్లడానికి బాగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న రేడియో తరంగం ఒకటి కావాలి. దాన్ని క్యారియర్ అంటారు. మీ గొంతు సిగ్నల్ పెరిగినప్పుడు క్యారియర్ ఎత్తు పెరుగుతుంది, తగ్గినప్పుడు తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీ మారదు, ఎత్తు మాత్రమే మారుతుంది. అవతల రేడియో ఆ ఎత్తుపల్లాల్ని చదివి మళ్లీ మీ గొంతుగా మారుస్తుంది. పాత రేడియోలో మీడియం వేవ్ స్టేషన్లు వచ్చేది ఇలాగే.

అంటే ఆ టైటిల్‌లో ఎన్ని అర్థాలున్నాయో చూడండి. ఆర్కిటిక్ మంకీస్ మొదటి అక్షరాలు ఏ, ఎమ్. రేడియో ఏఎమ్. గడియారంలో అర్ధరాత్రి దాటాక వచ్చే ఏఎమ్. ఈ పేరు పెట్టడానికి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్ "వీయూ" రికార్డు ప్రేరణ అని టర్నర్ చెప్పాడు, అక్కడా బ్యాండ్ పేరు పొడి అక్షరాలే. ఆల్బమ్‌లో పాటలు కూడా రాత్రి రెండు మూడింటికి ఫోన్ చేతిలో పట్టుకుని, మెసేజ్ పెట్టాలా వద్దా అని తన్నుకులాడే మనిషివి. "డూ ఐ వానా నో?" పాట పేరే ఒక ప్రశ్న. అవతలి వ్యక్తి నుంచి సిగ్నల్ కోసం ఎదురుచూడటమే ఆల్బమ్ మొత్తం. సిగ్నల్ బొమ్మే కవర్!

జానర్ వైపు నుంచి కూడా చూడండి. ఈ ఆల్బమ్‌లో గిటార్ రిఫ్‌లు పాత హెవీ రాక్ లాగా బరువుగా ఉంటాయి, కింద బీట్ మాత్రం హిప్‌హాప్ లాగా నెమ్మదిగా తల ఊపించేది, వెనక కోరస్ గొంతులు ఆర్ అండ్ బీ లాగా సన్నగా పైకి వెళ్తాయి. నాకు ఇది అచ్చంగా మాడ్యులేషన్‌లాగే వినిపిస్తుంది. క్యారియర్ హిప్‌హాప్ బీట్, దాని మీద ఎక్కి వస్తున్న సందేశం రాక్. డిజైనర్ ఇదే ఉద్దేశంతో గీశాడని నేననను. కానీ విన్నాక ఆ బొమ్మని ఇంకోలా చూడలేను. "డూ ఐ వానా నో?" వీడియో కూడా ఆ అలతోనే మొదలై, అదే అల కార్లుగా, మనుషులుగా మారుతూ పోతుంది. దాన్ని తీసింది డేవిడ్ విల్సన్. కవర్ పాటలోకి, పాట వీడియోలోకి, వీడియో మళ్లీ టీషర్ట్ మీదకి. అలా తిరుగుతూనే ఉంది.

నల్ల నేపథ్యం మీద తెల్ల తరంగాలు అనగానే కొందరికి ఇంకో కవర్ గుర్తొచ్చే ఉంటుంది. జాయ్ డివిజన్ బ్యాండ్, "అన్‌నోన్ ప్లెజర్స్", 1979. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ అనే ఇండీ లేబుల్. ఆ బొమ్మ ఒక నక్షత్రం గుండెచప్పుడు అనుకోండి. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని మొట్టమొదటి పల్సార్‌ని కనిపెట్టింది. సుమారు 1.34 సెకన్లకి ఒకసారి రేడియో పల్స్ పంపే నక్షత్రం. ఆ పల్స్‌లని ఒకదాని కింద ఒకటి పేర్చి హెరాల్డ్ క్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త తన పీహెచ్‌డీ థీసిస్‌లో ఒక గ్రాఫ్ వేశాడు. అది తర్వాత ఒక ఖగోళశాస్త్ర ఎన్‌సైక్లోపీడియాలో అచ్చయింది, బ్యాండ్ కంట పడింది. డిజైనర్ పీటర్ సావిల్ చేసిన ముఖ్యమైన పని ఏంటంటే, తెల్ల కాగితం మీద నల్ల గీతలుగా ఉన్నదాన్ని తిరగేసి, నలుపు మీద తెలుపు చేశాడు. అంతే, లెక్కల గ్రాఫ్ కాస్తా చీకట్లో వణుకుతున్న కొండల్లా మారిపోయింది. ఆ సంగీతం కూడా అంతే కదా, చల్లగా, ఖాళీగా, చాలా దూరం నుంచి వస్తున్నట్టు.

రెండూ తరంగాలే, రెండూ నలుపూ తెలుపూ. తేడా ఎక్కడ? జాయ్ డివిజన్ గీతలు మనిషికి సంబంధం లేని శూన్యం నుంచి వచ్చాయి. ఏఎమ్ గీత మనిషి మాటని మోసే తరంగం. ఒకటి ఎవరూ లేరు అంటుంది, ఇంకోటి ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది.

ఇప్పుడు కథలో కష్టమైన భాగం వచ్చింది. ఏఎమ్‌తో వాళ్లు ప్రపంచం మొత్తానికీ తెలిసిపోయారు. అందరూ ఇంకో ఏఎమ్ కావాలన్నారు. అయిదేళ్లు ఆగారు. 2018 మే నెలలో "ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ క్యాసినో" వచ్చింది. ముందుగా ఒక్క సింగిల్ కూడా వదల్లేదు. ప్లే నొక్కిన వాళ్లకి గిటార్ రిఫ్ కాదు, పియానో వినిపించింది. చంద్రుడి మీద హోటల్ అట, అక్కడ ఒక టాకో షాప్ అట, దానికి రేటింగ్ అట! పాత అభిమానుల్లో చాలామందికి గుండె పగిలింది. "మా బ్యాండ్ ఏది?" అన్నారు. ఇంకొందరేమో వాళ్లు చేసినవాటిలో గొప్పది ఇదే అన్నారు. ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

కానీ కవర్ చూడండి. ట్రాంక్విలిటీ బేస్ అంటే 1969 జూలైలో అపోలో 11 చంద్రుడి మీద దిగిన చోటు. కవర్ మీద పాతకాలపు టేప్ రికార్డర్, దాని పైన అట్టముక్కలు కోసి అంటించి చేసిన ఒక హోటల్ మోడల్. ఆ మోడల్ చేసింది డిజైనర్ కాదు, అలెక్స్ టర్నరే, తన చేతులతో. ముప్పయ్యో పుట్టినరోజుకి మేనేజర్ ఒక పియానో బహుమతిగా ఇస్తే, టర్నర్ దాని ముందు ఒంటరిగా కూర్చుని ఈ పాటలు రాశాడు. అట్ట కోసుకుంటూ ఒంటరిగా కూర్చున్నవాడు, పియానో ముందు ఒంటరిగా కూర్చున్నవాడు ఇద్దరూ ఒకడే. కవర్ మీద వీధి లేదు, ఫ్రెండ్ లేడు, రాత్రి లేదు. ఒక మనిషి గదిలో కూర్చుని కట్టుకున్న ఊహాలోకం ఉంది. సంగీతం కూడా సరిగ్గా అదే. మోసం ఎక్కడ జరిగింది? కవర్ అబద్ధం చెప్పలేదు. ఇది రాక్ పార్టీ కాదు అని బయటే రాసిపెట్టింది.

ఇక్కడే నాకు ఈ మొత్తం టాపిక్‌లో విలువైన విషయం కనిపిస్తుంది. ఒక బ్యాండ్‌కి ఒక శబ్దంతో పేరొస్తే, ఆ శబ్దమే వాళ్లకి సంకెల అవుతుంది. పాతదే చేస్తే "ఎదగలేదు" అంటారు, కొత్తది చేస్తే "మోసం చేశారు" అంటారు. నచ్చలేదని చెప్పే హక్కు వినేవాళ్లకి పూర్తిగా ఉంది. అయితే నచ్చకపోవడం వేరు, మోసపోవడం వేరు. ఏఎమ్ లాంటి నల్లటి కవర్ మీద ఇంకో తెల్ల గీత గీసి, లోపల పియానో పాటలు పెట్టి ఉంటే అది మోసం. వాళ్లు అలా చేయలేదు. పాత గుర్తుని పక్కన పెట్టి, కొత్త బొమ్మతో వచ్చారు. డబ్బు కోణంలో చూస్తే అది రిస్క్, వినేవాళ్ల కోణంలో అది మర్యాద.

2022 అక్టోబర్‌లో ఏడోది, "ది కార్". ఎత్తయిన పార్కింగ్ బిల్డింగ్ పైకప్పు. ఖాళీ. ఒక్కటే తెల్ల కారు. ఫోటో తీసింది డ్రమ్మర్ మ్యాట్ హెల్డర్స్. ఆల్బమ్ నిండా వయొలిన్లు, పాత సినిమా నేపథ్య సంగీతంలాంటి వాతావరణం, ఏదో ముగిసిపోయిందన్న దిగులు. కారు ఉంది, నడిపేవాడు లేడు. అంతా వెళ్లిపోయాక మిగిలిన బండి. మొదటి కవర్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ ఫ్రేమ్ నిండా ఒక మొహం. ఇక్కడ ఎక్కడో దూరంగా మనిషి లేని కారు. పదహారేళ్లలో కెమెరా ఎంత వెనక్కి జరిగిందో చూశారా?

ఇప్పుడు మీలో కొందరు అడగొచ్చు. "అన్నా, ఇదంతా పాటలు విన్నాక మనం అల్లుకున్న అర్థం కాదా? ఏ బొమ్మ పెట్టినా ఇలాగే చెప్పేవాడివి కదా?" మంచి ప్రశ్న. దీనికి నా దగ్గర ఒక చిన్న టెస్ట్ ఉంది. కవర్లు మార్చి చూడండి. ఏఎమ్ అలని మొదటి ఆల్బమ్ మీద పెట్టండి. షెఫీల్డ్ వీధుల్లో తాగి తిరిగే కుర్రాళ్ల కథకి ఆ చల్లటి నల్లటి గీత అతుకుతుందా? అతకదు, మరీ నీట్‌గా ఉంది. ఆ సిగరెట్ కుర్రాణ్ణి చంద్రుడి మీద హోటల్‌కి పెట్టండి. కామెడీ అయిపోతుంది. మార్చితే ఏమీ తేడా రాకపోతే ఆ కవర్ ఉత్త ప్యాకింగ్. మార్చగానే ఏదో తెగినట్టు అనిపిస్తే అది ఆల్బమ్‌లో భాగం. హంబగ్ బ్యాండ్ ఫోటో, మీగడరంగు కవర్ ఈ టెస్ట్‌లో కొంచెం వీక్ అని నా అభిప్రాయం. ఆ రెండూ అటూ ఇటూ మారినా పెద్దగా నష్టం లేదు. మిగతావి మార్చలేం.

మీ ఫేవరిట్ ఆల్బమ్‌లతో ఇదే చేసి చూడండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మనిషి ఉన్నాడా, ఉంటే ఎవరు? రంగు ఉందా, తీసేశారా? చోటు ఎక్కడిది, వీధా, గదా, ఊహా? పేరుకీ బొమ్మకీ మధ్య ముడి ఉందా? ఈ నాలుగింటికి జవాబు చెప్పుకుంటే ప్లే నొక్కక ముందే సగం ఆల్బమ్ మీకు తెలిసిపోతుంది. మిగతా సగం కోసం చెవులు ఇంకా బాగా తెరుచుకుంటాయి.

చివరిగా, మీలో పాటలు చేసేవాళ్లకి ఒక మాట. ఇప్పుడు హైదరాబాద్‌లోనో, వైజాగ్‌లోనో బెడ్‌రూమ్‌లో కూర్చుని పాట చేసి యాప్‌లలో పెట్టేయొచ్చు. చాలా డిస్ట్రిబ్యూటర్లు 3000 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న కవర్ అడుగుతారు. ఎక్కువమంది ఏం చేస్తారంటే, ఆఖరి రాత్రి ఏదో టెంప్లేట్ తీసుకుని, నియాన్ లైట్లు, వర్షంలో ఒంటరి అబ్బాయి, పైన స్టైలిష్ ఫాంట్ పెట్టి అప్‌లోడ్ కొట్టేస్తారు. పాటకి ఆరు నెలలు, కవర్‌కి ఆరు నిమిషాలు. ఇప్పుడు ఏఐకి నాలుగు మాటలు చెప్తే అందమైన బొమ్మ ఇచ్చేస్తుంది కూడా. అందంగానే ఉంటుంది, ఆ అందం ఇంకో వెయ్యి పాటలకి కూడా సరిపోతుంది. చిక్కు అక్కడే.

ఆర్కిటిక్ మంకీస్ కవర్లలో ఖర్చుతో కూడిన వస్తువు ఏదైనా ఉందా చెప్పండి? ఒక ఫ్రెండ్ మొహం. ఒక ఇల్లు. ఒక గీత. అట్టముక్కలు. పార్కింగ్‌లో కారు. అన్నీ వాళ్లకి చేతికందే దూరంలో ఉన్నవే. మీ పాట మీ వీధి గురించైతే ఫోన్ పట్టుకుని ఆ వీధిలోకి వెళ్లండి. మీ పాట మీ గది గురించైతే గదిలో లైట్ తీసి చూడండి. తీశాక ఆ ఫోటోని గోరంత సైజుకి తగ్గించి, ఏమాత్రం తెలియని ఫ్రెండ్‌కి చూపించి, "ఈ పాట ఎలా ఉంటుందనుకుంటున్నావ్?" అని అడగండి. అతను దగ్గరదగ్గరగా చెప్పగలిగితే మీ కవర్ రెడీ.

ఇవీ ఇవాళ్టి సంగతులు. మీకు నచ్చిన కవర్ ఏది, మార్చి చూస్తే ఏమైంది, కింద కామెంట్‌లో రాయండి. తెలుగులో ఇండీ పాటలు చేస్తున్నవాళ్లు ఉంటే మీ కవర్ గురించి కూడా చెప్పండి, వాటితో ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఆ మొదటి ఆల్బమ్ మాత్రం ఇవాళ రాత్రి ఒకసారి మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా వరసగా వినండి, షఫుల్ ఆపేసి. అయిపోయాక కవర్ మళ్లీ చూడండి. ఆ కుర్రాడు ఎందుకు అలా చూస్తున్నాడో మీకే తెలుస్తుంది.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.